నల్గొండలో పాత కాయిదాల స్కానింగ్ సర్వీసు: స్కానింగ్‌కి ఇవ్వండి, రిపేరుకి ఇవ్వకండి

నల్గొండలో జిరాక్సు, లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోల షాపుల్లో కొన్ని ఇప్పుడు ఇంకో బోర్డు కూడా కడుతున్నాయి: పాత దస్తావేజులు స్కాన్ చేస్తాం, చిరిగినవి బాగుచేస్తాం, ఉర్దూ చదివి పెడతాం అని. అలాంటి ఒక షాపుకి 96 కాగితాల కట్ట ఒకటి ఇచ్చి, చేతికొచ్చిన పనిని ఒక్కో కాగితంతో పోల్చి చూశాం. షాపు పేరు రాయడం లేదు. మహబూబ్‌నగర్‌లో, మిర్యాలగూడలో ఇదే పని చేసేవాళ్ల పద్ధతీ దాదాపు ఇంతే కాబట్టి పేరుతో పనిలేదు కూడా.

కట్ట సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే భూమి పట్టాలు స్కాన్ చేయడం వేరు, ఇది వేరు. ఇందులో సగం రెండో ప్రపంచ యుద్ధకాలం కాగితాలు: నిజాం సైన్యంలోని 1వ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీలో పనిచేసిన మనిషి డిశ్చార్జి సర్టిఫికెట్, పే బుక్కు, 1941 నాటి పోస్టుకార్డులు, ఇంటివాళ్లకు అందిన అలవెన్సు రసీదులు (ఉర్దూలో, నిజాం రాజ్యంలో వాడిన ఫసలీ క్యాలెండరు తేదీలతో). మిగతా సగం వియ్యపువారి వైపు నుంచి ఈ ఇంటికి చేరిన మలయా (ఇప్పటి మలేషియాలో భాగం) రబ్బరు తోట కాగితాలు: జీతం చీటీలు, మనియార్డరు రసీదులు, ఓడ ఎక్కేముందు ఇచ్చిన పాసు, నాలుగు జపాను నోట్లు. రెండు వైపులవీ కలిపి 14 ఫొటోలు. ఒకే సందూకులో ఉన్నంత మాత్రాన అన్నీ ఒక రకం కాగితాలు కావు. పాసు గట్టి కాగితం, పే బుక్కు అట్ట, జీతం చీటీలు ఉల్లిపొరంత పలచన.

స్కానింగ్ విషయంలో షాపుకి మంచి మార్కులే. రిపేరుకి సున్నా. చదివిపెట్టే పనికి సగం. ఎందుకో కింద ఉంది.

రేటు: కాగితం ఒక వైపుకి 10 రూపాయలు, ఫొటో ముందు వైపు 25, ఫొటో వెనక వైపు 10. 82 కాగితాలు రెండు వైపులా 1,640, ఫొటోలకు 490, మొత్తం 2,130 రూపాయలు. కౌంటర్ దగ్గర మొదట వేసిన లెక్క దీనిలో సగం పైచిలుకు. ముందు వైపే చాలంటాడు కుర్రాడు. "ఖాళీ పేజీకి పైసలెందుకన్నా, దండగ" అని మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఈ రకం కాగితాల్లో అసలు సంగతంతా వెనక వైపే ఉంటుంది. పోస్టుకార్డు మీద సెన్సారు ముద్ర, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు ఉంటాయి. సైనికుడు ఎక్కడున్నదీ రాయకూడదు గనక ఉత్తరంలో ఊరి పేరుండదు. ఆ ముద్రలోని నంబరే ఊరు చెప్పాలి. రసీదుల వెనక వేలిముద్ర, పట్వారీ సంతకం. ఫొటోల వెనక స్టూడియో ముద్ర, ఊరి పేరు.

ఒక జీతం చీటీ తీసుకుందాం. ముందు వైపు ఇంగ్లీషులో అచ్చు గళ్లు: నంబరు, పనిచేసిన రోజులు, రోజు కూలీ, అడ్వాన్సు, మిగులు. ఐదు అంకెలు, ఒక పొట్టి సంతకం, అంతే. వెనక పెన్సిలుతో తెలుగులో లెక్క: బియ్యం ఇంత, మిరపకాయలు ఇంత, కంగాణికి ఇంత, ఇంటికి పంపింది ఇంత. కంగాణి అంటే తోటకి మనుషుల్ని తెచ్చిన మేస్త్రి. తన మనుషులు పనికి వచ్చిన ప్రతి రోజుకీ తలకింత అని తోట యజమాని నుంచి కంగాణికి విడిగా డబ్బు ముట్టేది, అయినా కూలీ దగ్గరి బాకీ కూలీ దగ్గరే ఉండేది. ముందు వైపు చూస్తే అది తోట లెక్క, వెనక్కి తిప్పితే ఆ మనిషి బతుకు లెక్క. ఒక వైపే స్కాన్ చేస్తే ఆ రెండోది సందూకులోనే ఉండిపోతుంది.

ఇక మెషీన్ల సంగతి. షాపులో రెండున్నాయి. ఒకటి పైనుంచి కాగితాల దొంతర పెడితే లోపలికి లాక్కుని స్కాన్ చేసేది, ఇంకోటి అద్దం మీద పరిచి మూత వేసేది. పని ఎక్కువున్న రోజు కట్ట మొదటిదానిలోకే పోతుంది. దాని రబ్బరు రోలర్లకు పాత మడత తగిలిందంటే కాగితం అక్కడే రెండవుతుంది. జీతం చీటీలకైతే అంత కూడా అక్కర్లేదు, లోపలికి పోతూనే ముడుచుకుంటాయి. "అద్దం మీదే, ఒక్కొక్కటిగా" అని రసీదు మీద రాయించుకోండి. నోటిమాట కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది, లోపల పనిచేసేవాడి దాకా వెళ్లదు.

అద్దం మెషీన్లలోనూ రెండు రకాలు. యూఎస్‌బీ వైరుతోనే కరెంటు తీసుకునే పలచటి వాటిలో సెన్సరు అద్దానికి ఆనుకుని ఉంటుంది. కాగితం అద్దానికి పూర్తిగా అంటుకున్నంత వరకు అక్షరం చాకులా వస్తుంది, ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేచిందంటే మసకే. మడత మీది అక్షరాలు, కుట్టిన పే బుక్కు నడిమి గాడిలో రాసినవి అందుకే పోతాయి. ఈ షాపులో ఉన్నది ఆ రకమే. పే బుక్కు 11 పేజీల్లో నడిమి వైపు వేలెడు వెడల్పు మసకగా వచ్చింది. నొక్కితే వస్తుంది గానీ, నొక్కితే కుట్టు తెగుతుంది. అలాంటి పుస్తకాలను సగం తెరిచి, రెండు వైపులా మెత్తటి గుడ్డ మడత పెట్టి, పైనుంచి మంచి ఫోనుతో పగటి వెలుగులో ఫొటో తీయడమే మేలు. నేరుగా ఎండ తగలని కిటికీ పక్కన తీయాలి, ఫ్లాష్ వాడొద్దు.

సెట్టింగులు అడిగి మరీ పెట్టించాల్సినవి నాలుగే. కాగితాలకు 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), ఫొటోలకు 600. అన్నీ కలర్‌లోనే, నలుపు-తెలుపు కాగితమైనా సరే. ఆటో క్రాప్ ఆపాలి, కాగితం నాలుగంచులూ కనబడుతూ చుట్టూ కొంచెం ఖాళీ ఉండాలి. ఆటో కలర్ సవరణ ఆపాలి. చివరిదాన్ని షాపువాళ్లు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతారు, ఎందుకంటే జిరాక్సుకి వచ్చేవాళ్లకు కాగితం తెల్లగా కనబడాలి. మనకు ఆ పసుపు రంగే కావాలి. మొదటి విడతలో అది ఆన్‌లో ఉండబట్టి పోస్టుకార్డుల మీది పెన్సిలు రాతలో ఉన్న కాస్త ఊదా ఛాయ కూడా పోయింది, వెలిసిపోయిన ఊదా ముద్ర రెండు కార్డుల మీద అసలే కనబడలేదు. అడిగితే మళ్లీ చేసిచ్చారు, పైసలు తీసుకోలేదు. అది మెచ్చుకోవాల్సిన విషయం.

ఫైలు సైజు గురించి షాపులో వాదన వస్తుంది. ఏ4 కాగితం 300 డీపీఐ కలర్‌లో కుదించకుండా టిఫ్‌గా దాచితే ఒక్క వైపుకి సుమారు 26 ఎంబీ, అదే 600కి పోతే 104. 164 వైపులకూ 300లో 4.3 జీబీ దాటదు, చిన్న కాగితాలుంటే ఇంకా తక్కువ. 32 జీబీ పెన్‌డ్రైవులో మూలకి సరిపోతుంది. అయినా వాళ్లిచ్చింది జేపీజీలు, అన్నీ కలిపి 180 ఎంబీ. ఒకసారి అలా కుదించాక వెనక్కి రాదు కాబట్టి టిఫ్‌లే అడగండి. వాట్సాప్‌లో పంపుతామంటే మాత్రం వద్దనండి. పెన్‌డ్రైవు కూడా మోసుకెళ్లడానికే తప్ప ఏళ్ల తరబడి దాచడానికి కాదు. ఇంటికి రాగానే ఒక హార్డ్ డిస్కులోకి, ఇంకో ఊళ్లో ఉన్న బంధువుల కంప్యూటర్లోకి కాపీ చేయండి.

ఇంతవరకు చెప్పినవి సరిచేసుకోగల తప్పులు. క్రమం అలా కాదు. మేం కట్టని ఇంట్లో ఉన్న వరసలోనే ఇచ్చాం, వాళ్లు పని తేలికని పెద్దవన్నీ ముందు, చిన్నవన్నీ వెనక పెట్టుకున్నారు. ఫైళ్ల పేర్లు మెషీను ఇచ్చే నంబర్లే. ఏ రసీదు ఏ కవరులో ఉండేదో, ఏ ఫొటో ఏ ఉత్తరంతో వచ్చిందో ఆ పేర్లను బట్టి తెలియదు. తేదీ లేని ఉత్తరానికి తేదీ చెప్పేది దాని పక్కన మడతపెట్టి ఉన్న కాగితమే. దీన్ని ఆపడం మీ చేతిలోనే ఉంది: ఇవ్వకముందే మెత్తటి 2బీ పెన్సిలుతో ప్రతి కాగితం వెనక కింది మూల చిన్నగా, నొక్కకుండా, 001 నుంచి అంకె వేయండి. ఫొటోల వెనక వేయొద్దు, విడి కాగితపు కవర్లో పెట్టి కవరు మీద వేయండి. బాల్‌పెన్ను ముట్టొద్దు. ఫైలు పేర్లు 001-ఎ, 001-బి అని, ఎ ముందు వైపు, బి వెనక వైపు, అలా పెట్టమని అడగండి. దానికి షాపువాళ్లు కాగితానికి రెండు రూపాయలు అదనంగా అడిగారు. కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు.

వరస ఎందుకంత ముఖ్యమో మలయా చీటీలు చూస్తే తెలుస్తుంది. 1941 చివరి దాకా నెలనెలా ఉన్నాయి, తర్వాతది 1946. నడిమి నాలుగేళ్లలో జపాను నోట్లు నాలుగే సాక్ష్యం. పది డాలర్ల నోటు మీద అరటి చెట్టు బొమ్మ ఉంటుంది, అందుకే అక్కడ దాన్ని అరటి డబ్బు అన్నారు. ఆ నోట్ల మీద ఎం అక్షరంతో మొదలయ్యే గుర్తు మలయాది, బి అయితే బర్మాది. 1945లో జపాను ఓడగానే అవి చిత్తుకాగితాలయ్యాయి. మామూలు నోట్లకు ఇప్పుడు కూడా పెద్ద ధర రాదు, ఎవరో లక్షలిస్తారని అమ్మకానికి తిప్పకండి. ఆ ఖాళీని చూసి వెంటనే "సయాం రైలు దారికి పట్టుకుపోయారు" అని రాసేయడం కూడా తప్పు. 1942 జూన్ నుంచి 1943 అక్టోబరు దాకా జపాను సైన్యం సయాం (ఇప్పటి థాయిలాండ్) నుంచి బర్మాకి వేయించిన ఆ 415 కిలోమీటర్ల దారికి మలయా తోటల నుంచి తమిళ, తెలుగు కూలీలను తోలుకుపోయిన మాట నిజం. తోటల్లోనే ఉండిపోయి కర్రపెండలం తిని బతికినవాళ్లూ ఉన్నారు. కాగితం చెప్పని చోట ఖాళీ అని రాయాలి, అంతే.

రిపేరు సర్వీసుకి వస్తే, ఇక్కడ మాత్రం గట్టిగా చెప్పాలి. షాపులో మూడు పనులు చేస్తారు: లామినేషన్, సెల్లోటేపు, తెల్ల జిగురుతో వెనక కాగితం అతకడం. మూడూ వద్దు. లామినేషన్‌లో వంద డిగ్రీలు దాటిన వేడి మీద ప్లాస్టిక్కు కరిగి కాగితం నారలోకి దిగుతుంది, మళ్లీ ఊడదీయడం ఎవరి వల్లా కాదు. యుద్ధకాలపు కాగితంలో చాలావరకు కలప గుజ్జుతో చేసిన చవక రకం. లోపలి ఆమ్లం దాన్ని ఎటూ తింటూనే ఉంటుంది, ప్లాస్టిక్కు లోపల పెట్టి మూసేస్తే ఆ ఆమ్లానికి బయటికి దారి కూడా ఉండదు. సెల్లోటేపు జిగురు కొన్నేళ్లకు తేనె రంగుకి తిరిగి సిరాని తనలోకి లాక్కుంటుంది. ఇప్పటికే టేపు వేసి ఉంటే పీకకండి, అలాగే స్కాన్ చేయించండి. ఇక బైండింగు పనివాళ్లు వాడే మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. పుస్తకం అట్టకి అది పనికొస్తుందేమో గానీ, చేత్తో రాసిన కాగితానికి మందు కాదు, విషం.

ఇంకా పెద్ద ప్రమాదం తడి. మడతలు విప్పడానికి షాపువాళ్లు కొంచెం తడి గుడ్డ అద్ది ఇస్త్రీ పెడతారు. మామూలు సిరాకే అది మంచిది కాదు. పోస్టుకార్డుల మీద ఉన్నదైతే కాపీ పెన్సిలు. ఆ రోజుల్లో సైన్యంలో, రైల్వేలో, పోస్టాఫీసుల్లో అందరూ వాడిందే. చూడటానికి మామూలు పెన్సిలు రాతలా బూడిద రంగుగా ఉంటుంది. లోపల రంగు పొడి ఉంటుంది, నీటిచుక్క తగిలితే చాలు, వంకాయ రంగు పొంగుతుంది. మా కట్టలో ఒక కార్డు మీద రాత అంతా బూడిద రంగే, కుడి కింది మూల మాత్రం ఒక అక్షరం చుట్టూ పావలా బిళ్లంత ఊదా మరక. ఎవరో తడి వేలితో పట్టుకున్న చోటది. ఇస్త్రీ పెట్టి ఉంటే కార్డంతా ఆ మరకే అయ్యేది. అందుకే ఇచ్చేటప్పుడే ఆ రకం కాగితాలను విడిగా కవరులో పెట్టి, కవరు మీద "నీళ్లు తగలొద్దు" అని పెద్దగా రాయాలి.

మరి మడతలు ఎలా విప్పాలి? రంగు పొంగని రకమని తేలిన కాగితాలకే ఈ పద్ధతి: మూతున్న ప్లాస్టిక్కు డబ్బా అడుగున తడిపి పిండిన స్పాంజి, దాని మీద జల్లెడ లాంటి ఎత్తు, దాని మీద కాగితం. నీళ్లు కాగితానికి తగలకూడదు, తేమ మాత్రమే తగలాలి. రెండు నుంచి నాలుగు గంటలు, అరగంటకోసారి చూస్తూ. మెత్తబడ్డాక తీసి రెండు తెల్ల అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి ఒక రోజు ఉంచితే చదునవుతుంది. డబ్బాలో రాత్రంతా మరిచిపోతే బూజు పడుతుంది. ఈ పని మన దగ్గర మే నెలలో చేయొద్దు. నల్గొండ ఎండకి కాగితంలో ఉన్న తేమంతా పోయి అప్పడంలా ఉంటుంది, ముట్టుకుంటే మడత దగ్గర చిటుక్కుమంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాన తెరిపిచ్చిన రోజు చూసి విప్పండి. తుప్పు పట్టిన గుండుసూదిని లాగకూడదు. దాని కిందకి పలచటి ప్లాస్టిక్కు ముక్క దూర్చి, కాగితానికీ తుప్పుకీ మధ్య ఎడం తెచ్చాకే మెల్లగా తీయాలి.

ఉర్దూ చదివిపెట్టే సర్వీసు పేజీకి 150 రూపాయలు. ఇక్కడ షాపువాళ్లని తక్కువ చేయలేం. వాళ్లు పంపే పెద్దాయన చేయి తిరిగినవాడు, నుక్తాలు (అక్షరాల చుక్కలు) కూడా పెట్టకుండా గొలుసులా గీసిన దఫ్తరు రాతని తడబడకుండా చదివారు. తేడా వచ్చింది తేదీల్లో. షాపులో తెలుగులోకి టైపు చేసేవాళ్లు ఇంగ్లీషు సంవత్సరం కోసం ప్రతి ఫసలీ సంవత్సరానికీ గుడ్డిగా 590 కలిపేశారు. హైదరాబాదు ఫసలీ ఆజుర్ నెలతో, అంటే అక్టోబరు 6 ప్రాంతంలో మొదలవుతుంది. ఆజుర్, దై, బహ్మన్ నెలలకే 590. ఇస్ఫందార్ వచ్చేసరికి జనవరి, అక్కడ నుంచి ఆబాన్ దాకా 591 కలపాలి. బహ్మన్ ఆఖరి రోజుల దగ్గర మాత్రం సరిచూసుకోండి.

ఒక్క ఏడాదికి ఏమవుతుందంటారా? మా రసీదు ఒకదాని మీద 12 ఇస్ఫందార్ 1352 అని ఉంది. షాపువాళ్ల లెక్కలో అది 1942 జనవరి. సింగపూరు జపానుకి లొంగింది 1942 ఫిబ్రవరి 15న. అంటే మనిషి ఇంకా యుద్ధంలోనే ఉన్నప్పుడు ఇంటికి అందిన మామూలు అలవెన్సు అది. సరైన లెక్క 1943 జనవరి. అప్పటికి ఆ పటాలం లొంగిపోయి పదకొండు నెలలు. మనిషి జాడ తెలియని కాలంలో కూడా ఇంటివాళ్లకు డబ్బు అందిందని ఆ రసీదు చెబుతోంది. రెండు కథలకూ మధ్య తేడా ఒక్క అంకె.

శీర్షికల్లో ఇంకో తప్పు. డిశ్చార్జి సర్టిఫికెట్‌ని చదివిపెట్టిన కాగితం మీద "19వ హైదరాబాద్ రెజిమెంట్" అని శీర్షిక పెట్టారు, ఇంటర్నెట్‌లో మొదట కనబడేది అదే కాబట్టి. అది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ రెజిమెంటు. పేరుకే హైదరాబాదు, అందులో ఉన్నది ఎక్కువగా కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945 అక్టోబరు 27న దాని పేరే కుమావూన్ రెజిమెంటుగా మారింది, రికార్డుల కోసం ఆ రెజిమెంటు కేంద్రమైన రాణీఖేత్ వైపు చూడాలి. 1వ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ నిజాం సంస్థానపు సొంత పటాలం. 1941 డిసెంబరులో జపాను దళాలు దిగిన కోటబారు దగ్గర విమానాశ్రయం కాపలాలో ఉన్నది అదే. రెండూ మలయాలో ఉండటంతో కలగాపులగం ఇంకా ఎక్కువ. కాగితం మీద "స్టేట్ ఫోర్సెస్" అన్న మాట ఉందో లేదో చూస్తే గొడవ తీరుతుంది. డిశ్చార్జిలో కారణం అనే గడి కూడా వదలొద్దు. జపాను ఖైదు నుంచి తిరిగొచ్చినవాళ్లను ఆజాద్ హింద్ ఫౌజుతో సంబంధాన్ని బట్టి తెలుపు, బూడిద, నలుపు అని మూడు వర్గాలు చేశారు. పింఛను వచ్చిందా లేదా అన్నది చాలామందికి అక్కడే తేలింది.

డబ్బు లెక్కలకి వస్తే రూపాయి అన్న మాట ఒకటే, నాణేలు రెండు. నిజాం హాలీ సిక్కా 116 రూపాయల 10 అణాల 8 పైలు (పై అంటే అణాలో పన్నెండో వంతు) ఇస్తే బ్రిటిష్ వంద. మలయా డాలరు 1906 నుంచి 2 షిల్లింగుల 4 పెన్నీలకు, మన రూపాయి 1927 నుంచి షిల్లింగున్నరకు కట్టి ఉన్నాయి. ఆ లెక్కన డాలరుకి రూపాయి 9 అణాలు. తోట నుంచి 10 డాలర్లు పంపితే కమిషను సంగతి పక్కనపెడితే బ్రిటిష్ 15 రూపాయల 9 అణాలు, పాలమూరులోనో నల్గొండలోనో హాలీకి మార్చుకుంటే 18 రూపాయల 2 అణాల పైచిలుకు. 1920ల చివర్లో తోటలో మగమనిషి రోజు కూలీ 50 సెంట్లు, ఆడమనిషిది 40. ఇరవై రోజుల కూలీ ఇంటికి పంపిందన్న మాట. షాపువాళ్లు అన్నిటికీ ముందు ఒకే రూపాయి గుర్తు పెట్టేశారు. తోట కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి కదా అని చదివినవాడెవడికీ ఈ సంగతి పట్టలేదు. చదివిపెట్టే సర్వీసుకి సగం మార్కులంటున్నది అందుకే.

పాసు మీద తేదీ చూడటం కూడా మీరే నేర్చుకోవాలి. చేతిపని కూలీలు మలయాకు పోవడాన్ని 1938 జూన్‌లో భారత ప్రభుత్వం ఆపేసింది. అంతకుముందు పోయిన తెలుగువాళ్లు ఎక్కువగా మద్రాసు దగ్గర ఆవడి డిపోలో ఉండి, టీకాలు వేయించుకుని ఓడ ఎక్కేవారు. 1938 తర్వాతి తేదీతో కూలీ పాసు కనబడితే ముందు అంకెని భూతద్దంతో చూడండి, 3కి 8కి తేడా పోయి ఉంటుంది. పాసులో తండ్రి పేరు, ఊరు, తాలూకా, ఒంటి మీద గుర్తులు ఉంటాయి కాబట్టి దాన్ని మాత్రం 600 డీపీఐలో చేయించండి.

చివరిది, "పూర్వీకుల చరిత్ర వెతికిస్తాం" అనే 1,500 రూపాయల ప్యాకేజీ. తీసుకోవద్దు. అందులో వాళ్లు చేసేది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో పేరు కొట్టడం. అది అందరికీ ఉచితం. పైగా అది చనిపోయినవాళ్ల జాబితా, బతికి తిరిగొచ్చిన మనిషి పేరు అందులో ఉండదు. చనిపోయినవాళ్లయితే సింగపూరులోని క్రాంజి స్మారకం మీద 24 వేల పైచిలుకు పేర్లున్నాయి, రంగూన్ స్మారకం మీద దాదాపు 27 వేలు. మన పేర్ల స్పెల్లింగు ఎవరి చెవికి విన్నట్టు వాళ్లు రాశారు కాబట్టి పేరుతో కాకుండా పటాలం పేరుతో వెతికి, వచ్చిన జాబితాలో తండ్రి పేరు, ఊరు చూడండి. నిజాం కాలపు సర్కారీ కాగితాలకు తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. అక్కడికి వెళ్లేముందు పటాలం పేరు, సిపాయి నంబరు, ఫసలీ సంవత్సరం మూడూ ఒక చీటీ మీద రాసుకోండి. ఆ మూడూ లేకుండా పోతే ఒక పూట కాటలాగు దగ్గరే గడిచిపోతుంది.

దాచడానికి షాపువాళ్లు అమ్మే ప్లాస్టిక్కు ఫోల్డర్లు కొనకండి. వాసన వస్తోందంటే అది పీవీసీ, ఫొటోలకు అంటుకుంటుంది. పాలియెస్టర్ కవర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. అంత ఖర్చు వద్దనుకుంటే మన పాత దఫ్తర్ల పద్ధతే మంచిది: రంగు దిగని ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, గట్టి అట్టపెట్టెలో పడుకోబెట్టి, గోడకి ఆనకుండా పెట్టడం. వేపాకు వేస్తే బాగా ఎండినదే వేయండి, పచ్చాకు తేమకి బూజు వస్తుంది. రేకుల కప్పు కింద అటక మీద మాత్రం వద్దు.

మొత్తం పనికి పట్టింది నాలుగు రోజులు. మంగళవారం ఇచ్చి శుక్రవారం తీసుకున్నాం. లెక్కపెడితే 95 ఉన్నాయి. షాపులో అందరూ ఇల్లంతా వెతికినట్టు టేబుళ్ల కింద వెతికారు. ఒక జీతం చీటీ, ఆ ఉల్లిపొర కాగితం, స్కానరు మూత లోపలి తెల్ల మెత్తకి అంటుకుని ఉంది. పొడి గాలికి పలచటి కాగితం అలాగే అతుక్కుంటుంది. మీరు కట్ట వెనక్కి తీసుకున్నాక పైసలు ఇచ్చేముందు మెషీను మూత ఒకసారి ఎత్తించి చూడండి.